మోటారుతో లేచి దిగే బల్ల: ఇంట్లో ఏ పద్ధతిలో చేసుకోవాలి?

ఎత్తు మార్చుకునే మోటారు బల్లను ఇంట్లోనే చేసుకుందామని మొదలుపెట్టేవారికి అసలు చిక్కు కాళ్ల దగ్గరే వస్తుంది. పైపలకను ఏ వడ్రంగి అయినా కోసి, అంచులు సాఫీ చేసి ఇస్తాడు. స్విచ్చులు, వైర్ల సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు అది చిన్న పనే. కానీ 50 కిలోల బరువును రెండు చోట్ల పట్టి, ఒకే వేగంతో, ఒకవైపు ఒరగకుండా అరమీటరు పైకి లేపి, కరెంటు ఆపినా అక్కడే నిలిచేలా చేయడం వేరే స్థాయి పని. ఆ పనిని మీరు స్వయంగా చేస్తారా, తయారైన భాగాన్ని కొని మిగతాది మాత్రమే చేసుకుంటారా అన్నదే తేల్చుకోవలసిన విషయం. మోటారు ఏ కంపెనీది, పలక ఏ రంగుది అన్నవి ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు.

## ముందు వేటిని చూడాలి

ఎంత కిందికి దిగుతుంది? ప్రకటనలన్నీ బల్ల ఎంత పైకి లేస్తుందో పెద్ద అక్షరాల్లో చెబుతాయి. మన ఇళ్లలో ముందు చూడవలసింది అది కాదు. మామూలు రాతబల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. అయిదడుగుల మనిషి పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చుంటే మోచేయి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే 75 సెంటీమీటర్ల బల్ల మీద కీబోర్డు కొట్టాలంటే భుజాలు ఎగదోసుకుని పని చేయాలి. రోజులో ఎక్కువ గంటలు కూర్చునే పని చేస్తాం కాబట్టి, నొప్పి పుట్టించేదీ తగ్గించేదీ ఈ కింది కొలతే.

నిలబడినప్పటి ఎత్తుకు సులువైన లెక్క ఉంది. మనిషి ఎత్తులో సుమారు 63 శాతం దగ్గర మోచేయి ఉంటుంది. 150 సెంటీమీటర్ల వారికి అది 95, 160 వారికి 101, 170 వారికి 107, 180 వారికి 113 సెంటీమీటర్లు. పలక పైభాగం ఆ ఎత్తులో గానీ, ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగా గానీ ఉంటే చాలు. మనం ఇంట్లో చెప్పులు లేకుండా నిలబడతాం కనుక చెప్పుల మందం కలపనక్కర్లేదు. అంటే చాలామందికి 115 సెంటీమీటర్లకు మించి లేచే బల్ల అవసరమే లేదు. కూర్చునీ నిలబడీ పని చేసే బల్లలకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 527 సూచించే విస్తృత శ్రేణి 65 నుంచి 125 సెంటీమీటర్లు. అక్కడి మనుషుల సగటు ఎత్తు మనకన్నా ఎక్కువన్నది గుర్తుంచుకుని ఆ అంకెలను చూడాలి.

కొనే ముందు టేపు పట్టుకుని ఇంట్లో ఆ బల్ల వాడబోయే ప్రతి ఒక్కరి మోచేయి ఎత్తునూ కొలవండి. కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి. అందరిలో తక్కువ అంకె, అందరిలో ఎక్కువ అంకె రాసుకోండి. ఫ్రేము కొలతల్లో పలక మందం కలపరు. కాబట్టి వాటికి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కలిపి పోల్చుకోవాలి.

ఎంత మోస్తుంది? 150 × 75 సెంటీమీటర్ల, 25 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ పలక 17–18 కిలోలు తూగుతుంది. దాని మీద రెండు మానిటర్లు, వాటిని పట్టే చేతులు, కంప్యూటర్, కొన్ని పుస్తకాలు చేరితే మొత్తం 45–50 కిలోలు. చేతులు ఆనించి వాలే మనిషి బరువు దీనికి అదనం. కాబట్టి 80 కిలోలు మోయగలిగేది కనీస అవసరం అనుకోండి.

రెండు కాళ్లు కలిసి కదులుతాయా? ఒకే రకం మోటార్లు రెండు కొన్నా, వాటి వేగం సరిగ్గా ఒకటిగా ఉండదు. మానిటర్లున్న వైపు బరువెక్కువ, ఖాళీ వైపు తక్కువ. తేలికైన వైపు ముందుకు పోతుంది. అరమీటరు ప్రయాణంలో ఆ తేడా సెంటీమీటర్లకు చేరితే బల్ల ఒరిగి, కాళ్లలో ఒకదానిలో ఒకటి జారే పైపులు బిగుసుకుపోతాయి. ఈ సమస్యకు రెండే పరిష్కారాలు. ఒకే మోటారుతో రెండు కాళ్లనూ ఇరుసు లేదా బెల్టు ద్వారా తిప్పాలి. లేదంటే ప్రతి మోటారులో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్ ఉంచి, వెనకబడినదాని కోసం రెండోదాన్ని నెమ్మదింపజేసే నియంత్రణ పెట్టాలి.

కరెంటు పోతే ఎక్కడ నిలుస్తుంది? బల్ల తన బరువుకు తానే కిందికి జారకూడదు. ఇది కాలి లోపలి మర మీద ఆధారపడి ఉంటుంది. వివరం కింద మర కడ్డీల పద్ధతి దగ్గర చెబుతాను.

ఊగుతుందా? నిలబడే ఎత్తులో టైపు చేస్తుంటే మానిటర్ వణికితే ఆ బల్లను నెల తిరిగేసరికి కూర్చునే బల్లగానే వాడతారు. పైపులో పైపు ఎంత పొడవున లోపల మిగిలి ఉందో, మధ్యలో ఖాళీ ఎంత ఉందో అన్నవే ఊగిసలాటను నిర్ణయిస్తాయి.

చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? రాసుకోవలసిన చివరి ప్రశ్న ఇదే, కానీ జిల్లా కేంద్రానికి దూరంగా ఉండేవారికి ఇదే మొదటిది.

## ఒక్క చూపులో

| పద్ధతి | కనిష్ఠ ఎత్తు | కాళ్ల సమన్వయం | వేగం (సెకనుకు) | నైపుణ్యం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రెండు మోటార్ల ఫ్రేము, మూడంచెల కాళ్లు | 60–62 సెం.మీ. | సెన్సర్లతో | 30–38 మి.మీ. | స్క్రూలు బిగించడం | ఎక్కువ |
| ఒక మోటారు ఫ్రేము, రెండంచెల కాళ్లు | 70–73 సెం.మీ. | ఇరుసుతో | 20–25 మి.మీ. | స్క్రూలు బిగించడం | మధ్యస్థం |
| చేతి పిడి ఫ్రేముకు మోటారు | సుమారు 70 సెం.మీ. | ఇరుసుతో | మోటారును బట్టి | వైరింగు, కొంత లేత్ పని | తక్కువ–మధ్యస్థం |
| లీనియర్ యాక్చువేటర్లు (మోటారుతో చాచుకునే కడ్డీలు), సొంత కాళ్లు | మీ ఇష్టం | మీరే చేసుకోవాలి | 5–20 మి.మీ. | వెల్డింగ్, ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ | మధ్యస్థం |
| మర కడ్డీలు, బెల్టు, ఒక మోటారు | మీ ఇష్టం | బెల్టుతో | 4–20 మి.మీ. | లేత్, వెల్డింగ్ | మారుతుంది |
| ఆఫీసుల నుంచి వచ్చే పాత ఫ్రేము | ఫ్రేమును బట్టి | ఫ్రేమును బట్టి | ఫ్రేమును బట్టి | పరీక్షించే ఓపిక | తక్కువ |

కనిష్ఠ ఎత్తులు పలక మందం కలపకుండా ఇచ్చినవి. కంపెనీని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి.

## తయారు ఫ్రేము, సొంత పలక

ఎక్కువమందికి నేను చెప్పే దారి ఇదే. కాళ్లు, మోటార్లు, కంట్రోల్ బాక్సు, బటన్ల పట్టీ కలిపి ఒక పెట్టెలో వస్తాయి. పలక మీది. ఇనుప పని లేదు, ప్రోగ్రాము రాసే పని లేదు. అయినా బల్ల మీ గది కొలతకు, మీ అభిరుచికి తగినట్టే ఉంటుంది. ఎందుకంటే కంటికి కనిపించేదీ చేతికి తగిలేదీ పలకే.

ఇక్కడ ఎంపిక ఒక మోటారు, రెండు మోటార్ల మధ్య అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది రెండంచెల కాలా, మూడంచెల కాలా అన్నది. రెండంచెల కాలులో ఒక పైపులో మరొక పైపు ఉంటుంది. అది 70 సెంటీమీటర్లకు దిగువకు రాదు. పలక కలిస్తే 72–73. మూడంచెల కాలులో మరో పైపు అదనంగా ఉంటుంది కనుక ముడుచుకున్నప్పుడు 60 దగ్గరకు వస్తుంది, చాచినప్పుడు 125 దాకా పోతుంది. ఇంట్లో 160 సెంటీమీటర్లలోపు ఎత్తున్నవారు ఒక్కరైనా ఈ బల్ల మీద పని చేస్తే మూడంచెల కాలే తీసుకోండి. ఆ డబ్బు మిగుల్చుకుని తర్వాత కాళ్ల కింద పీట వేసుకోవడం, కుర్చీ పెంచుకోవడం మొదలుపెడితే ఎత్తు మార్చుకునే బల్ల కొన్నదానికి అర్థం లేదు.

రెండు మోటార్ల ఫ్రేములో ఒక్కో కాలికి ఒక్కో మోటారు. లోపలి హాల్ సెన్సర్లు చుట్లు లెక్కపెడతాయి, కంట్రోల్ బాక్సు రెండిటినీ సమానంగా నడుపుతుంది. 100–120 కిలోల దాకా మోస్తాయి. నచ్చిన ఎత్తులను గుర్తుపెట్టుకునే బటన్లు, ఏదైనా అడ్డు తగిలితే ఆగి వెనక్కి వచ్చే ఏర్పాటు ఉంటాయి. ఈ రెండో ఏర్పాటు మోటారు లాగే కరెంటు ఒక్కసారి పెరగడాన్ని పసిగట్టి పనిచేస్తుంది. మెత్తని వస్తువు అడ్డొస్తే అది వెంటనే పసిగట్టకపోవచ్చు. అందుకే పిల్లలున్న ఇంట్లో బటన్లకు తాళం వేసే సౌకర్యం ఉందో లేదో చూడాలి.

ఒక మోటారు ఫ్రేములో ఆ మోటారు ఒక కాలి దగ్గర ఉండి, అడ్డ కమ్మీలోంచి పోయే ఆరు పలకల ఇరుసు ద్వారా రెండో కాలినీ తిప్పుతుంది. సమన్వయం యాంత్రికం కనుక కాళ్లు సరిగా బిగించి ఉంటే తప్పే అవకాశం లేదు. ఇది మంచి గుణం. వేగం కొంత తక్కువ, చప్పుడు కొంత ఎక్కువ, మోసే బరువు 70–80 కిలోలు. ఒక ల్యాప్‌టాప్, ఒక మానిటర్ పెట్టుకునే 165 సెంటీమీటర్లు దాటిన ఒంటరి వాడకందారుకు ఇది చాలు. డబ్బు మిగుల్చుకుని మంచి కుర్చీ కొనుక్కోమంటాను.

ఏ ఫ్రేము అయినా మోటార్లు ఏకబిగిన పనిచేయడానికి చేసినవి కావు. రెండు నిమిషాలు నడిపితే పద్దెనిమిది నిమిషాలు విశ్రాంతి అన్నది వీటికి మామూలు నియమం. రోజుకు నాలుగైదుసార్లు ఎత్తు మార్చుకునే మనిషికి ఇది అడ్డంకి కాదు. కొత్త బల్లను చూడడానికి వచ్చిన పిల్లలు బటన్లు నొక్కుతూ ఆడుకుంటే మాత్రం కంట్రోల్ బాక్సు తనంతట తానే ఆగిపోతుంది. చెడిపోయిందని భయపడకుండా కాసేపు వదిలేయండి.

## చేతి పిడి ఫ్రేముకు మోటారు తగిలించడం

స్వయంగా ఏదైనా చేశామన్న తృప్తి కావాలి, కానీ కాళ్లు తయారు చేసే సాహసం వద్దు అనుకునేవారికి ఇది చక్కని మధ్యేమార్గం. పిడి తిప్పితే లేచే ఫ్రేములు దొరుకుతాయి. ఐకియా వంటి దుకాణాల్లోనూ ఈ రకం ఉంటుంది. భారతదేశంలో ఆ సంస్థ మొదటి దుకాణం 2018 ఆగస్టులో హైదరాబాద్‌లోనే తెరిచింది కనుక మనవాళ్లకు ఈ రకం బల్లను చేత్తో తిప్పి చూసి కొనే వీలుంది. ఆ ఫ్రేములో ఇరుసు, మర, కాళ్ల సమన్వయం అన్నీ సిద్ధంగా ఉంటాయి. మీరు చేయవలసింది పిడి స్థానంలో గేరు మోటారు పెట్టడమే.

ఎంత శక్తి కావాలో లెక్క చూద్దాం. 60 కిలోలను సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో లేపడానికి నికరంగా కావలసింది 12 వాట్లే. మరల్లో రాపిడికి పోయేది చాలా ఎక్కువ. మూడో వంతే ఫలితమిస్తుందనుకున్నా 36 వాట్లు, గేర్ల నష్టం కలుపుకుంటే మరికాస్త. 24 వోల్టుల, 5 ఆంపియర్ల పవర్ సప్లై, అంటే 120 వాట్లు, సుఖంగా సరిపోతుంది.

ఇందులో ఆర్డుయినో వంటి, ప్రోగ్రాము రాసి నడిపే బోర్డులు అక్కర్లేదు. మధ్యలో ఆగే, రెండు వైపులా నొక్కే స్విచ్చు ఒకటి, పై చివర ఒక లిమిట్ స్విచ్చు, కింది చివర ఒకటి. ఒక్కో లిమిట్ స్విచ్చుకు సమాంతరంగా, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఒకటి కలపండి. బల్ల పై చివరను తాకినప్పుడు స్విచ్చు తెరుచుకుని మోటారు ఆగుతుంది. కిందికి నొక్కితే కరెంటు డయోడ్ గుండా వెళ్లి మోటారు వెనక్కి తిరుగుతుంది. డయోడ్ లేకపోతే బల్ల పైకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. డయోడ్ మోటారు కరెంటును తట్టుకునేది కావాలి. 5 ఆంపియర్లకు 10 ఆంపియర్ల డయోడ్ పెట్టడం మంచిది.

మోటారుకూ ఇరుసుకూ మధ్య జోడింపు ముక్కను లేత్ మీద చేయించాలి. హైదరాబాద్‌లో బాలానగర్, విజయవాడలో ఆటోనగర్ వైపు ఇలాంటి చిన్న పనులు చేసే వర్క్‌షాపులు ఉన్నాయి. ఇరుసు ముక్కను చేతిలో పట్టుకెళ్లండి. కొలతలు నోటితో చెబితే ఆ ముక్క వదులుగా వస్తుంది. బ్యాటరీ డ్రిల్లునే పిడి స్థానంలో తగిలించి తిప్పేవారూ ఉన్నారు. ముందు అలా తక్కువ వేగంలో ప్రయత్నించి, ఫ్రేము మోటారును తట్టుకుంటుందని నమ్మకం కుదిరాక శాశ్వత ఏర్పాటు చేసుకోవచ్చు.

లోపం ఒకటుంది: ఇవి ఎక్కువగా రెండంచెల కాళ్లు. కింది ఎత్తు దగ్గర రాజీ తప్పదు.

## లీనియర్ యాక్చువేటర్లు

ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేవి ఇవే: 12 లేదా 24 వోల్టులతో చాచుకునే కడ్డీలు. చూడగానే పని సులువనిపిస్తుంది. రెండు కడ్డీలు కొని, రెండు పైపుల్లో పెట్టి, స్విచ్చు తగిలిస్తే అయిపోయింది కదా అనిపిస్తుంది. అలా కాదు.

మొదటిది, ఇవి నిలువుగా తోయడానికే చేసినవి. పక్కకు వచ్చే బలాన్ని మోయలేవు. బల్ల అంచు మీద మోచేయి ఆనించిన ప్రతిసారీ కాలికి వంచే బలం వస్తుంది. దాన్ని మోయవలసింది కడ్డీ చుట్టూ మీరు కట్టే పైపుల జత. చదరపు పైపులో చదరపు పైపు జారించాలంటే మధ్య ఖాళీని నైలాన్ పట్టీలతో నింపాలి. బజారులో దొరికే పైపుల లోపలి గోడ మీద అతుకు గీత ఉబ్బుగా ఉంటుంది. దాన్ని ఆకురాయితో చదును చేయకపోతే లోపలి పైపు అక్కడ పట్టేస్తుంది. నాలుగు వైపులా సమానంగా, అర మిల్లీమీటరు ఖాళీ కూడా లేకుండా ఇది కుదిర్చడం చేయితిరిగిన వెల్డరుకూ ఓపిక పరీక్షే. బీరువా సొరుగుల బలమైన చానళ్లు వాడితే కొంత సులువవుతుంది, కానీ ఊగిసలాట పూర్తిగా పోదు.

రెండోది వేగం. చవకగా దొరికే, 1500 న్యూటన్ల బలమున్న రకాలు సెకనుకు ఐదారు మిల్లీమీటర్లే కదులుతాయి. 40 సెంటీమీటర్లు లేవడానికి నిమిషం దాటుతుంది. వేగం పెరిగిన కొద్దీ బలం తగ్గుతుంది. రెండూ కావాలంటే ధర పెరిగి తయారు ఫ్రేము ధరకు దగ్గరవుతుంది.

మూడోది సమన్వయం. సెన్సర్ లేని మామూలు కడ్డీలు రెండు కొంటే బల్ల ఒరగడం ఖాయం. హాల్ సెన్సర్ ఉన్నవే తీసుకోవాలి. రెండు మోటార్లకు రెండు డ్రైవర్ బోర్డులు, సెన్సర్ పంపే పల్సులు లెక్కపెట్టే మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాముతో నడిచే చిన్న చిప్పు), వెనకబడిన కాలి కోసం ఆగే ప్రోగ్రాము, మధ్యలో కరెంటు పోతే లెక్క తప్పకుండా మళ్లీ కిందికి దింపి సున్నా నుంచి మొదలుపెట్టే ఏర్పాటు కావాలి. తేడా ఒక హద్దు దాటితే రెండు మోటార్లనూ ఆపేసే వరుస ప్రోగ్రాములో తప్పనిసరి. ఆ ఒక్క వరుస లేకపోతే ఒక తీగ ఊడిన రోజున మానిటర్లు నేల మీద ఉంటాయి.

ఇంత చెప్పినా ఈ పద్ధతి సరిపోయే మనుషులు ఉన్నారు. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు తక్కువ. యంత్రం, విద్యుత్తు, ప్రోగ్రాము మూడూ ఒకచోట కలుస్తాయి. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ భాగాలు, రాణిగంజ్‌లో ఇనుప సామాను ఒకే రోజున చూసుకోవచ్చు. మామూలు కొలతలు సరిపోనివారికి, ఉదాహరణకు చక్రాల కుర్చీలో కూర్చుని పని చేసేవారికి, ఇదొక్కటే దారి కావచ్చు. మోకాళ్లు, కుర్చీ చేతులు బల్ల కిందికి పోవాలంటే ముందు వైపు అడ్డ కమ్మీ ఉండకూడదు, కాళ్ల మధ్య వెడల్పు ఎక్కువ కావాలి, దిగువ ఎత్తు ఆ కుర్చీకి సరిపోవాలి. అలాంటప్పుడు సొంతంగా చేయించుకోవడం విలాసం కాదు, అవసరం.

## మర కడ్డీలు, బెల్టు

సెన్సర్లూ ప్రోగ్రామూ లేకుండా యంత్రంతోనే సమస్య తీర్చాలనుకునేవారికి ఇది నచ్చుతుంది. రెండు కాళ్లలో రెండు మర కడ్డీలు, కింద వాటిని కలిపే పళ్ల బెల్టు, తిప్పడానికి ఒక మోటారు. బెల్టు జారనంతకాలం బల్ల ఒరగదు.

మర ఎంపికలో ప్రాణం ఉంది. 16 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 4 మిల్లీమీటర్లు కదిలే ఒంటి దారి (కడ్డీ చుట్టూ ఒకే గాడి ఉండే) ట్రెపిజాయిడ్ మర తీసుకుంటే ఆ గాడి వాలు సుమారు 5 డిగ్రీలు. రాపిడి ఆ వాలును మించి ఉంటుంది కనుక పైన బరువున్నా మర వెనక్కి తిరగదు, కరెంటు లేకున్నా బల్ల ఉన్నచోటే ఉంటుంది. త్రీడీ ప్రింటర్లలో వాడే 8 మిల్లీమీటర్ల కడ్డీ చవకగా, తేలికగా దొరుకుతుంది. అందులో ఎక్కువగా వచ్చేది చుట్టుకు 8 మిల్లీమీటర్లు కదిలే నాలుగు దారుల రకం. దాని వాలు 20 డిగ్రీల దగ్గర. మోటారు ఆగగానే బరువు దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. బల్లకు దాన్ని వాడకండి.

మోటారుగా కారు వైపర్ మోటారు చాలామందికి తోస్తుంది. పాత సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, బలం పుష్కలం. వేగం చూడండి: నిమిషానికి 65 చుట్లు అనుకుంటే, 4 మిల్లీమీటర్ల మరతో సెకనుకు 4.3 మిల్లీమీటర్లు. 40 సెంటీమీటర్లకు ఒకటిన్నర నిమిషం. రోజుకు ఒకసారి ఎత్తు మార్చే దర్జీ బల్లకు, ఇస్త్రీ బల్లకు, చిన్న వర్క్‌షాపు బల్లకు అది ఇబ్బంది కాదు. గంటకోసారి లేచి నిలబడాలనుకునే వారు అంతసేపు బటన్ నొక్కి పట్టుకోలేక మానేస్తారు. సెకనుకు 20 మిల్లీమీటర్లు కావాలంటే మర నిమిషానికి 300 చుట్లు తిరగాలి. అందుకు తగిన గేరు మోటారు వేరుగా కొనాలి.

కత్తిరింపు బల్ల చేసుకునే దర్జీలకు నేను ముందు చెప్పేది ఈ పద్ధతే. వాళ్ల బల్ల పెద్దది, బరువైనది, నాలుగు కాళ్లది. తయారు ఫ్రేములు దానికి పొడవు చాలవు. వంగి గుడ్డ కత్తిరించే నడుములకు ఒక అడుగు ఎత్తు మార్పే ఎంతో ఊరట.

## ఆఫీసుల పాత ఫ్రేములు

ఐటీ కార్యాలయాలు ఖాళీ చేసినప్పుడు ఇవి పాత ఫర్నిచర్ దుకాణాలకు చేరుతుంటాయి. మంచి ఫ్రేము అయితే కొత్త చవక ఫ్రేము కన్నా గట్టిగా ఉంటుంది. కానీ కాళ్లు, కంట్రోల్ బాక్సు, బటన్ల పట్టీ మూడూ ఒకే సెట్టువి కావాలి. ఒక కంపెనీ మోటారుకు మరో కంపెనీ బాక్సు కలవదు. ప్లగ్గు సరిపోయినట్టు కనిపించినా లోపలి తీగల వరుస, సెన్సర్ పల్సుల లెక్క వేరుగా ఉంటాయి. బాక్సు లేని కాళ్లు ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

దుకాణంలోనే కరెంటు పెట్టించి, కింది నుంచి పైదాకా రెండుసార్లు నడిపించండి. పైకి పూర్తిగా లేపి, రెండు చేతులతో ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. ఒక కాలు గరగరలాడినా, ఆగి ఆగి కదిలినా వదిలేయండి. తెరమీద ఏదో కోడ్ చూపించి కదలకపోతే వెంటనే చెడిపోయిందనుకోనక్కర్లేదు. కింది బటన్‌ను బల్ల పూర్తిగా దిగేదాకా, ఆ తర్వాత మరికొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా ఫ్రేములు మళ్లీ దారికొస్తాయి.

## పలక సంగతి

ఫ్రేము ఏదైనా పలకకు 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నాకు ఇష్టం. 18 మిల్లీమీటర్లదీ పనిచేస్తుంది కానీ 150 సెంటీమీటర్లు దాటిన పొడవుకు మధ్యలో కుంగే వీలుంది. స్క్రూ పొడవు కూడా జాగ్రత్తగా చూడాలి, 16 మిల్లీమీటర్లు మించితే పైకి పొడుచుకొస్తుంది. తీరప్రాంతంలో, తేమ గోడలున్న ఇంట్లో ఐఎస్ 710 గుర్తున్న రకం తీసుకోండి. మామూలు గదికి ఐఎస్ 303 రకం చాలు. నాలుగు అంచులకూ పట్టీ అతికించడం మరిచిపోకండి, తేమ ముందుగా లోపలికి పోయేది అంచుల నుంచే. చవక పార్టికల్ బోర్డులో స్క్రూ పట్టు తక్కువ. లేచి దిగే బల్లలో స్క్రూల మీద కదలిక నిత్యం ఉంటుంది కనుక అవి మెల్లగా వదులవుతాయి. అదే వాడక తప్పకపోతే మర ఉన్న ఇత్తడి గుళికలు దిగగొట్టి బోల్టులు బిగించండి.

టేకు పలక అందమే కాదు, తరతరాలు నిలుస్తుంది. పాత ఇంటి తలుపు చెక్క మిగిలి ఉంటే దానికి ఇంతకన్నా మంచి ఉపయోగం ఉండదు. బరువు తూచి, ఫ్రేము మోయగలదో చూసుకుంటే చాలు. గ్రానైట్ వేయవచ్చా అని అడిగేవారు ఉంటారు. 150 × 75 కొలతలో 18 మిల్లీమీటర్ల రాయి సుమారు 55 కిలోలు. ఒక మోటారు ఫ్రేము సామర్థ్యంలో మూడింట రెండొంతుల పైన అదే తినేస్తుంది. వద్దు.

## కరెంటు దగ్గర జాగ్రత్తలు

కాళ్లు ఇనుపవి, పైన నాలుగైదు కరెంటు పరికరాలు, కింద కదిలే తీగలు. కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్ తప్పనిసరి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దానికి ఎర్త్ తీగ కలపని సాకెట్లు కనిపిస్తుంటాయి. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాకే బల్ల తగిలించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డును పలక కింది భాగానికి బిగించేస్తే మానిటర్ల తీగలన్నీ బల్లతోపాటే లేస్తాయి. గోడకు పోయే తీగ ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కదానికీ బల్ల అత్యధిక ఎత్తుకు సరిపడా వదులు ఉండాలి.

కదిలేటప్పుడు ఇవి లాగేది ఒకటి రెండు బల్బుల నుంచి మిక్సీ స్థాయిలోపు కరెంటు మాత్రమే, అదీ కొన్ని సెకన్లు. ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తాయి. అయితే సైన్ వేవ్ ఇన్వర్టర్ మేలు.

అమెరికా నుంచి తిరిగొచ్చేవారు అక్కడ వాడిన బల్లను కంటైనరులో వేసుకుని తెస్తుంటారు. బాక్సు మీది చీటీ చదవండి. 100–240 వోల్టులని ఉంటే ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. అలాంటప్పుడు అదే కంపెనీ 230 వోల్టుల బాక్సు తెప్పించుకోవాలి, లేదా వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ను బల్ల వాట్లకు రెట్టింపు సామర్థ్యంతో పెట్టుకోవాలి.

బల్ల వెనక కిటికీ గూడు గానీ, పైన గోడ అర గానీ ఉంటే కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. కింద సొరుగుల పెట్టె పెట్టేవారు దాని ఎత్తు బల్ల కనిష్ఠ ఎత్తు కన్నా తక్కువగా ఉందో లేదో చూసుకోవాలి. మొదటి నెల దాటాక బల్లను పూర్తిగా దించి, ప్లగ్గు పీకి, అడుగున ఉన్న ప్రతి బోల్టునూ మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త చెక్క సర్దుకున్నాక అవి కొంచెం వదులవుతాయి. ఊగిసలాట గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు అక్కడే తీరిపోతాయి.